టైమ్‌టేబుల్ డిలీట్ చేశాను

జూన్ 12న బళ్లు తెరుస్తారు. ఈసారి మా తమ్ముడు వెళ్లట్లేదు. పదో తరగతి ఇంట్లోనే చదువుతాడు. మార్కుల్ని బట్టి సెక్షన్లు మార్చే బడిలో రెండేళ్లు చదివి, వాడు ఇంట్లో కూడా మాట్లాడటం తగ్గించేశాడు. అమ్మ గట్టిగా నిర్ణయం తీసుకుంది. నాన్న సగం మనసుతో ఒప్పుకున్నాడు.

సెలవులకి సూళ్లూరుపేట వచ్చిన నాకు ఒక పని అప్పజెప్పారు. "నువ్వు కంప్యూటర్ చదువుతున్నావు కదా, టైమ్‌టేబుల్ చెయ్యి." చేశాను. ఎనిమిది పీరియడ్లు, సబ్జెక్టుకో రంగు, వారం వారం టెస్టు, సగటు దానంతటదే లెక్కేసే ఫార్ములా. తమ్ముడు చూసి ఒక్కటే అడిగాడు: "అన్నా, మళ్లా ర్యాంకులా?"

అప్పుడు సిగ్గేసింది. వాణ్ణి దేన్నుంచి బయటికి తెచ్చామో దాన్నే నేను మళ్లీ కట్టాను. మనందరం ఇంగ్లీషు మీడియంలో, బెల్లు చప్పుడు మధ్య పెరిగినవాళ్లం. చదువు అంటే మనకి ఇంకో రూపం తెలీదు. ఇంటి చదువు మొదలుపెట్టేవాళ్లు ముందు ఈ అలవాటునే వదిలించుకోవాలని నా అభిప్రాయం. వైట్‌బోర్డు, కొత్త టేబుల్, ఆన్‌లైన్ కోర్సు తర్వాత కొనుక్కోవచ్చు.

అలాగని అంతా గాలికి వదిలేయమనట్లేదు. సర్టిఫికెట్ సంగతి మొదటిరోజే తేల్చుకోవాలి. 1989లో మొదలైన జాతీయ ఓపెన్ స్కూల్ ఇప్పుడు ఎన్‌ఐఓఎస్. 14 ఏళ్లు నిండితే అందులో పదో తరగతికి చేరచ్చు. ఐదు సబ్జెక్టులు, ఏడాదికి రెండుసార్లు పరీక్షలు. అన్నీ ఒకేసారి రాయక్కర్లేదు, ఐదేళ్ల టైముంది. తెలుగు మీడియం కూడా ఉంది. రేపు ఇంటర్ స్థాయి కూడా అక్కడే ఐదు సబ్జెక్టులతో పాసైతే జేఈఈ మెయిన్ రాయచ్చు. ఇది చెప్పాకే నాన్న ముఖంలో కాస్త వెలుగు వచ్చింది.

మిగతా ఏడాదిని ఊరిని చూసి వేసుకోవచ్చు కదా అనిపించింది. పులికాట్ వేసవిలో చాలా చోట్ల ఎండిపోతుంది. ఈశాన్య రుతుపవనాలకి నిండుతుంది. నేలపట్టుకి గూడబాతులు, సరస్సుకి ఫ్లెమింగోలు వచ్చేది కూడా ఆ కాలంలోనే. మరి ఆవరణ వ్యవస్థ పాఠం జూన్‌లో ఎందుకు? నవంబర్‌లో సైకిలేసుకుని చూడటానికి పోతే సరిపోతుంది. శ్రీహరికోటలో రాకెట్ లేచినప్పుడు మా కిటికీలు అదురుతాయి. ముందు వెలుగు కనపడి, తర్వాత చప్పుడు ఎందుకు వస్తుందో ఆ రోజే లెక్కేయించచ్చు. నేను ఇదే ఊళ్లో పెరిగి, ధ్వని వేగాన్ని రెండు మార్కుల ప్రశ్నగా బట్టీ పట్టాను.

"ఇదంతా తీరికున్నవాళ్ల వ్యవహారం" అంటారు మీరు. నిజమే. పొద్దున్నే పనికి పోయే తల్లిదండ్రులకి బడే దిక్కు. చాలామంది పిల్లలకి మధ్యాహ్నం అన్నం కూడా అక్కడే. నేను బడికి వ్యతిరేకం కాదు, నా ప్రాణ స్నేహితులు అక్కడే దొరికారు. ఇంకో మాట కూడా దాచకూడదు. ఇంటి చదువు బరువంతా మా ఇంట్లో అమ్మ మీదే పడబోతోంది. అందుకే నాన్నకి ఆదివారాలు, నాకు రోజూ రాత్రి అరగంట వీడియో కాల్‌లో లెక్కలు అని రాసుకున్నాం. ఆ మాట తప్పితే ప్లాన్ మొత్తం దండగ.

పాత షీట్ డిలీట్ చేసి కొత్తది తెరిచాను. అందులో మూడే కాలమ్‌లు: పరీక్షకి ఏం కావాలి, వాడికి ఏం తెలుసుకోవాలనుంది, ఈ వారం ఎవరితో కలుస్తాడు. నాకు ఎక్కువ భయం మూడోదాని గురించే. నలుగురిలో కలవకపోతే వాడి మౌనం ఇంట్లో ఇంకా పెరుగుతుంది.

నిన్న ఆ షీట్ వాడికే ఇచ్చాను. మూడో కాలమ్‌లో "సాయంత్రం క్రికెట్, పాత సెక్షన్ వాళ్లతో" అని వాడే రాశాడు. ఇంకా జూన్ 12 రాలేదు. మాకు మాత్రం కొత్త సంవత్సరం నిన్ననే మొదలైంది.