కమలా ఖాన్ మొదట ఎవరిలా మారింది?



ఇది ఒక కామిక్ గురించిన పోస్టు. బొమ్మల పుస్తకమే కదా అని దాటేయకండి.

2014లో మార్వెల్ వాళ్లు ‘మిస్ మార్వెల్’ని కొత్తగా మొదలుపెట్టారు. అందులో కమలా ఖాన్‌కి 16 ఏళ్లు. ఉండేది అమెరికాలోని జెర్సీ సిటీలో, అమ్మానాన్నలు పాకిస్తాన్ నుంచి వెళ్లినవాళ్లు. రాసిన జి. విల్లో విల్సన్ ఇస్లాం స్వీకరించిన రచయిత్రి. ఎడిటర్ సనా అమానత్ న్యూజెర్సీలో పెరిగిన పాకిస్తానీ అమెరికన్. 2015లో దీనికి హ్యూగో అవార్డు వచ్చింది.

కమలా ఇంట్లో వద్దన్నా ఓ రాత్రి పార్టీకి పోతుంది. అక్కడ జ్యూస్‌లో మందు కలిపిస్తారు. నీ దగ్గర కూర వాసనొస్తోందని ఒకమ్మాయి పక్కకి జరుగుతుంది. ఆ రాత్రే ఓ వింత పొగమంచులో చిక్కుకుని, ఏ రూపమైనా తీసుకునే శక్తి వస్తుంది. మరి తీసుకున్నదేంటి? తెల్ల చర్మం, బంగారు జుట్టు! తను అభిమానించే కేరల్ డాన్వర్స్ రూపం.

ఆ పేజీ దగ్గర ఆగిపోయాను. హాస్టల్లో మొదటి ఏడాది ఇంటి నుంచి ఫోనొస్తే గోండిలో మాట్లాడ్డానికి మెట్ల కిందికి పోయేదాన్ని. ఎవరూ పొమ్మనలేదు. నేనే పోయాను. మీలో ఎంతమంది పోలేదో చెప్పండి.

కమలాకి ఆ జుట్టు కళ్లకి అడ్డం, ఆ బట్టలు ఇబ్బంది. చివరికి తన బుర్కినీతోనే డ్రెస్ చేసుకుంటుంది. (విలన్‌కి చిలక తల. అది నాకు ఎక్కలేదు, వదిలేయండి.)

నాకు బాగా నచ్చింది ఇంకోటి. ముస్లిం అమ్మాయి కథంటే ఇంట్లోంచి పారిపోవాలి, లేదా బుద్ధిగా తలొంచాలి అనుకుంటాం. ఇక్కడ స్నేహితురాలు నకియా స్కార్ఫ్ కట్టుకుంటే, తీసెయ్యమనేది వాళ్ల నాన్నే! మసీదులో షేక్ అబ్దుల్లా దగ్గరికి పంపితే కమలా తిట్లు తినాలనుకుంటుంది. ఆయనేమో, చేసేదేదో మంచిగా చెయ్యి, ఒక గురువుని వెతుక్కో అంటాడు. నమాజు, అమ్మతో గొడవ, ఫ్యాన్ ఫిక్షన్ పిచ్చి, అన్నీ ఒకే పిల్లలో ఉన్నాయి.

మనల్ని సినిమాల్లో చూపిస్తే డోలు, డ్యాన్సు, లేకపోతే తుపాకీ. మన గ్రూపులో కవితలూ అంతే, అడవి తల్లి దగ్గర మొదలై అక్కడే అయిపోతాయి. నన్ను తిట్టినా సరే, అనేస్తున్నా. లెక్కల్లో తప్పి, అమ్మ మీద అలిగి, నాగోబా జాతరకి మాత్రం చెప్పకుండా బస్సెక్కే గోండు పిల్ల కథ నాకు కావాలి. ఎవరైనా రాస్తున్నారా? సగం రాసి దాచుకున్నా సరే, ఇక్కడ పెట్టండి.