వణికే చేతులకు బాధ్యులెవరు?

“రోగి శాంతించాడు” అంటారు. శాంతి ఎవరికి? రోగికా, వార్డును కాపలా కాసేవానికా? యీ ప్రశ్న వేయకుండా మనోవ్యాధుల మందులకు పాడే స్తోత్రమంతా ఏకపక్షమే.

1952లో పారిస్‌లోని సేంట్ ఆన్ ఆసుపత్రిలో డెలే, డెనికర్‌లు క్లోర్‌ప్రొమజైన్‌ను ప్రయోగించారు. భ్రమలు, భీతి తగ్గిన మాట నిజం. దాన్ని కాదనేవారు భూతవైద్యుని పక్షాన నిలుస్తారు. కాని 1958లో హాలోపెరిడాల్ పుట్టేనాటికే, యీ మందులు వాడినవారిలో చేతులు వణకటం, ఒళ్ళు బిగుసుకుపోవటం, నాలుకా దవడా వాటంతటవే కదలటం వైద్యులు చూశారు.

ఎందుకిట్లా? మెదడులో డోపమైన్‌ను అందుకొనే ద్వారాలను యీ మందులు మూసివేస్తాయి. మొదటి కారణ మదే. అంతటితో ఆగదు. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలలో శ్వాసక్రియ గొలుసుకు తొలి మెట్టు కాంప్లెక్సు-1. హాలోపెరిడాల్ దాన్ని అడ్డుతుందని 1993లో ఎలుకల మెదడుపై జరిపిన పరీక్షలు చూపాయి. వణుకు బహు తక్కువగా తెచ్చే క్లోజపైన్ ఆ మెట్టును అంతగా తాకదు. 1982లో కాలిఫోర్నియాలో, తప్పుగా తయారైన మత్తుమందు ఎక్కించుకొన్న కొందరు యువకులు పార్కిన్సన్ రోగులవలె కొయ్యబారిపోయారు. ఆ విషం దెబ్బతీసిందీ ఆ మెట్టునే. మందులవల్ల వచ్చే వణుకులో దీని వాటా ఎంతో ఇంకా తేలవలసే వుంది. అయితే తేలేదాకా రోగికి చెప్పనక్కరలేదా?

“వణుకు మందుది కాదు, జబ్బుది” అనే పెద్దలున్నారు. మందు ఎరగని రోగులలోనూ కొందరికి ఇట్లాంటి కదలికలు వుంటాయి, నిజమే. కాని వాంతులు కట్టడానికిచ్చే మెటోక్లోప్రమైడ్ కూడా డోపమైన్‌ను అడ్డేదే. మనోవ్యాధి యేమాత్రం లేనివారిలోనూ అది ఇవే కదలికలను తెస్తుంది. అక్కడ వణికింది ఏ ఉన్మాదమో యీ పెద్దలు సెలవివ్వాలి!

మన ముంగిలి కూడా ఊడ్చుకోవాలి. 1970లలో సోవియట్ ప్రభుత్వం లియొనీద్ ప్ల్యూష్చ్ అనే గణితవేత్తను, మార్క్సిస్టునని చెప్పుకొన్న మనిషిని, పిచ్చాసుపత్రిలో బంధించి హాలోపెరిడాల్ ఇచ్చింది. సోషలిజం పేరు పెట్టినంతమాత్రాన శిక్ష చికిత్స కాజాలదు.

మందు మానమని యెవరూ చెప్పటం లేదు. హఠాత్తుగా మానితే జబ్బు తిరగబెడుతుంది. కోరేది యింతే: తక్కువ మోతాదు, కదలికల తనిఖీ, ముందే చెప్పటం. మేలూ కీడూ రోగికి తెలిసే భాషలో చెప్పి సమ్మతి పొందాలని మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే అంటున్నది. అన్నం ముద్ద నోటిదాకా తీసుకుపోలేని చేతికి, ఆ చట్టం కాగితంమీద వుంటే చాలునా?