నడక పరీక్ష సరే, చూపు పరీక్ష ఏది?

(జనరల్ స్టడీస్ 3: పర్యావరణ పరిరక్షణ, జనరల్ స్టడీస్ 4: ప్రజాసేవలో నైపుణ్యం, నిజాయితీ, వ్యాసం పేపర్‌కూ పనికొస్తుంది)

మీరెప్పుడైనా ఆన్‌లైన్ గేమ్‌లో రేంజర్ పాత్ర ఆడారా? ఆడకపోతే ఇంట్లో తమ్ముణ్ణో మేనల్లుణ్ణో అడగండి. మొదటి లెవెల్ రేంజర్ దగ్గర పాత విల్లు తప్ప చెప్పుకోదగ్గదేమీ ఉండదు. వాణ్ణి బతికించేది స్కౌటింగ్, అంటే జాడ పట్టడం. ఈ నైపుణ్యం చాలా గేముల్లో కొంటే రాదు, వాడితేనే పెరుగుతుంది. 1997లో వచ్చిన అల్టిమా ఆన్‌లైన్‌లో కూడా పద్ధతి ఇదే.

ఆ పద్ధతిలో మూడు సూత్రాలు కనిపిస్తాయి. ఒకటి, పని చేస్తేనే నైపుణ్యం పెరుగుతుంది. రెండు, మరీ తేలికైన చోట ఎంత తిరిగినా అంకె కదలదు, మరీ కష్టమైన చోటికి వెళితే ప్రాణం పోతుంది, కాబట్టి మెట్టు మెట్టుగా ఎక్కాలి. మూడు, కొందరు తాము ఆడకుండా బాట్‌ను పెట్టి నడిపిస్తారు. అప్పుడు తెర మీద అంకె పెరుగుతుంది, ఆటగాడికి మాత్రం ఏమీ రాదు.

మా చౌల్దారీ పిల్లలకు ఈ ఆటలు సాఫీగా ఆడే వీలు ఈమధ్యే వచ్చింది. చెన్నై నుంచి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. అంతకుముందు ఈ దీవులు ఉపగ్రహం మీదే ఆధారపడేవి. ఇప్పుడు పిల్లలు ఫోన్‌లో అడవి గాలిస్తున్నారు. దీవుల నేలలో 80 శాతానికి పైగా ఉన్న అసలు అడవి మాత్రం ఊరి అంచునే ఉంది. వాళ్లను తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. గేమ్ తన రేంజర్‌కు పెట్టిన మూడు సూత్రాలను మన వ్యవస్థ అసలు రేంజర్‌కు, బీట్ గార్డుకు పెట్టిందా అన్నదే నా ప్రశ్న. పెట్టలేదన్నది నా అభిప్రాయం.

మనం ఏం పరీక్షిస్తున్నాం?

ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్‌కు ఎంపికయ్యే పురుషులు 4 గంటల్లో 25 కిలోమీటర్లు, మహిళలు 14 కిలోమీటర్లు నడవాలి. తెలుగు రాష్ట్రాల్లో బీట్ ఆఫీసర్ ఉద్యోగాలకూ నడక పరీక్ష ఉంది. మంచిదే, కాళ్లలో సత్తువ లేనివాడు అడవిని కాపాడలేడు. అయితే ఆ 25 కిలోమీటర్లలో నువ్వేం చూశావని అడిగేవారు లేరు. ఆ గిట్ట ముద్ర దుప్పిదా, పందిదా? ఈ కొమ్మ గాలికి విరిగిందా, మనిషి విరిచాడా? ఈ బూడిద నిన్నటిదా, వారం కిందటిదా? బీట్‌లో రోజూ ఎదురయ్యే ప్రశ్నలివి. వీటికి మార్కులు లేవు.

చూపు లేకపోతే ఏమవుతుందో 2005లో దేశం చూసింది. రాజస్థాన్‌లోని సరిస్కాలో ఒక్క పులి కూడా మిగల్లేదని తేలింది. అంతకుముందు ఏడాది వరకు కాగితాల మీద పులులు తిరుగుతూనే ఉన్నాయి. పాదముద్రలను బట్టి లెక్కించే పాత పద్ధతి మీద అప్పటికే విమర్శలున్నాయి. సునీతా నారాయణ్ అధ్యక్షతన టైగర్ టాస్క్‌ఫోర్స్ ఏర్పడింది, తర్వాత లెక్కింపు విధానమే మారింది. గేమ్ భాషలో చెప్పాలంటే సరిస్కాలో జరిగింది మూడో సూత్రమే. అంకె ఉంది, దాని వెనుక ఆట లేదు.

అసలు చూపు ఎవరి దగ్గరుంది?

నల్లమలలో చెంచుల దగ్గరుంది. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో వాళ్లు రక్షణ వాచర్లుగా పనిచేస్తున్నారు. కానీ బీట్ ఆఫీసర్ కావాలంటే ఇంటర్మీడియట్ ఉండాలి. పుట్టినప్పటి నుంచి అడవిని చదివినవాడు వాచర్‌గానే ఉండిపోతాడు. ఆ అడవికి కొత్తగా వచ్చినవాడు అతని వెనకాలే నడుస్తూ అతని మీద అధికారి అవుతాడు.

అండమాన్‌లోనూ ఇలాంటి జ్ఞానం ఉంది. 1925లో బర్మా నుంచి అటవీ పనుల కోసం తెచ్చిన కరెన్లు మాయాబందర్ వైపు వెబి పరిసరాల్లో స్థిరపడ్డారు. అడవినీ సముద్రాన్నీ చదవడంలో వాళ్లకు పేరుంది. మాకు దగ్గరలోని వండూర్‌లో ఉన్న పరిశోధన కేంద్రం పనుల్లో కరెన్ల పాత్ర పెద్దది.

నన్ను బాగా ఆలోచింపజేసిన ఉదాహరణ మాత్రం గుహల్లో గూళ్లు కట్టే స్విఫ్ట్‌లెట్ పిట్టది. లాలాజలంతో కట్టే ఆ గూళ్లకు తూర్పు ఆసియా మార్కెట్లో మంచి ధర. పిల్లలు ఎగరకముందే గూళ్లు కోసేయడంతో పిట్టలు బాగా తగ్గిపోయాయి. 1990ల చివర అటవీ శాఖ, సాకాన్ సంస్థ శాస్త్రవేత్త రవి శంకరన్ ఒక దారి కనిపెట్టారు. గూళ్లు కోసేవాళ్లనే కాపలాదారులుగా పెట్టారు. ఉత్తర అండమాన్‌లోని చాలీస్-ఏక్ గుహల దగ్గర అది ఫలించింది. ఏ గుహలో ఏ మూల గూడుందో, దొంగ ఏ దారిన వస్తాడో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? నైపుణ్యం పాతదే. జీతం, గౌరవం అవతలి పక్షం నుంచి ఇవతలికి మారాయి, అంతే.

ఒక అభ్యంతరం, ఒక హెచ్చరిక

కెమెరా ట్రాపులు, డ్రోన్లు, గస్తీ దారిని నమోదు చేసే ఎమ్-స్ట్రైప్స్ యాప్ ఉండగా ఇదంతా ఎందుకని మీరు అడగవచ్చు. 2018 పులుల గణనలో 26 వేలకు పైగా చోట్ల కెమెరాలు పెట్టారు, నిజమే. కానీ ఏ దారిలో పెట్టాలో చెప్పేది జాడ తెలిసిన మనిషే. యాప్ మీరు నడిచారని చెబుతుంది, చూశారని చెప్పదు. మీట నొక్కుతూ నడిచే గార్డు బాట్ పెట్టిన ఆటగాడితో సమానం.

హెచ్చరిక జారవాల గురించి. స్థానిక జ్ఞానం అనగానే వాళ్లను ట్రాకర్లుగా దింపుదామని వ్యాసంలో రాయకండి. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధన, 2004 జారవా విధానం వాళ్ల జోలికి పోవద్దనే చెబుతున్నాయి. ఇక్కడ మన స్కౌటింగ్ పని రిజర్వులోకి చొరబడే వేటగాళ్ల జాడ పట్టడం. జారవాల జాడ మనకెందుకు?

ఏం చేయాలి?

దక్షిణాఫ్రికాలో లూయీ లీబెన్‌బర్గ్ 1990లలో ఒక పద్ధతి మొదలుపెట్టారు. పరీక్షకుడు ట్రాకర్‌ను అడవిలోకి తీసుకెళ్లి నేల మీది గుర్తులు చూపించి అడుగుతాడు. జవాబులను బట్టి ఒకటి నుంచి నాలుగు వరకు స్థాయి ఇస్తాడు. చదవడం, రాయడం రాకపోయినా పై స్థాయి అందుకోవచ్చు. చదువురాని ట్రాకర్లు కూడా సమాచారం నమోదు చేసేలా బొమ్మలతో సైబర్‌ట్రాకర్ అనే సాఫ్ట్‌వేర్ తయారైంది. గేమ్‌లో లెవెల్స్ ఎందుకున్నాయో ఆయన అడవిలో నిరూపించారు.

మన దగ్గరా మూడు పనులు జరగాలి. బీట్ ఆఫీసర్ ఎంపికలో నడకతో పాటు జాడ గుర్తించే పరీక్షకూ మార్కులుండాలి. వాచర్లకు స్థాయి ధ్రువపత్రమిచ్చి, ఆ స్థాయిని బట్టి జీతం పెంచాలి, పై స్థాయివారికి విద్యార్హతలో సడలింపు ఇవ్వాలి. కొత్తగా చేరిన గార్డును మొదటి ఏడాది అనుభవమున్న వాచర్ వెంట తేలికైన బీట్‌లో నడిపించి, ఆ తర్వాతే కష్టమైన బీట్ అప్పగించాలి. సడలింపు పేరుతో ఆశ్రితపక్షపాతం వస్తుందన్న భయం సహజం. అందుకే పరీక్షకుడు బయటి డివిజన్ వాడై ఉండాలి, ప్రతి గుర్తుకూ జవాబు నమోదు కావాలి.

చివరగా మీ గురించి. మనలో ఎవరో ఒకరు రేపు డీఎఫ్‌ఓ అవుతారు. మొదటి వారం ఫైళ్ల ముందు కూర్చునే లోపే ఒక్కరోజు పాత వాచర్ వెనక నడవండి, ముందు కాదు. ఆయన ఎక్కడ ఆగితే అక్కడ ఆగి, ఏం చూశారో అడగండి. అధికారం మీకు నోటిఫికేషన్‌తో వచ్చింది, చూపు అలా రాదు.

ఇప్పటికైతే మూడో సూత్రం మన చదువుకూ వర్తిస్తుంది. టాపర్ జవాబులు పదిసార్లు ఎత్తిరాస్తే నోట్సు బరువెక్కుతుంది, మన లెవెల్ పెరగదు. కింది ప్రశ్నకు ఏదీ చూడకుండా రాయండి.

సాధన ప్రశ్న: "క్షేత్రస్థాయి జ్ఞానానికి గుర్తింపు లేని చోట సాంకేతికత కళ్లు లేని కెమెరా అవుతుంది." అటవీ పరిరక్షణ సందర్భంలో చర్చించండి. (250 పదాలు, 15 మార్కులు)