పాత కోర్టుకు తాళం కాదు, మరమ్మతు కావాలి

కోర్టుకెక్కితే గెలిచినవాడు ఓడినట్టు, ఓడినవాడు చచ్చినట్టు అని మన పల్లెల్లో నానుడి. అయినా గట్టు తగాదా తెగనప్పుడు, అన్నదమ్ముల పంపకం కుదరనప్పుడు, ఆడపిల్లకు మనోవర్తి అందనప్పుడు మనం ఎక్కేది కోర్టు మెట్లే. ఆ మెట్లు ఎక్కడ ఉండాలి, ఎలా ఉండాలి అన్నది ప్లీడర్లకు, ఇంజనీర్లకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. బస్సు ఛార్జీ పెట్టుకుని వాయిదాకు వచ్చే రైతుకూ సంబంధించినదే.

పాత కోర్టు భవనం ఎక్కడైనా కాస్త కారితే చాలు, "శిథిలమైంది, పడగొట్టి ఊరి బయట కొత్తది కట్టాలి" అనే మాట వినబడుతుంది. పాతవన్నీ పడిపోయేవేనా? మన దావాలు ఎక్కిన పెద్ద కోర్టుల సంగతే చూద్దాం.

1954 వరకు విశాఖ జిల్లా అప్పీళ్ళు మద్రాసు హైకోర్టుకు వెళ్ళేవి. ఆ ఏడాది జూలైలో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఏర్పడింది. 1956 నవంబరు నుండి హైదరాబాదుకు, 2019 జనవరి నుండి అమరావతికి మన దారి మళ్ళింది. వీటిలో మద్రాసు ఎర్ర భవనం 1892లో తెరిచినది. నేటికీ అందులో జడ్జీలు కూర్చుని తీర్పులు చెబుతున్నారు.

హైదరాబాదు హైకోర్టు మేడ మూసీ ఒడ్డున ఉంది. 1920 ఏప్రిల్ 20న నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రారంభించారు. 2009 ఆగస్టు 31న అందులో పెద్ద అగ్నిప్రమాదం జరిగి గ్రంథాలయం, కొన్ని కోర్టు హాళ్ళు కాలిపోయాయి. అంతటితో పడగొట్టలేదు. కాలిన భాగాన్ని బాగుచేసి కోర్టు నడిపారు. అయితే స్థలం చాలడం లేదని రాజేంద్రనగర్ వద్ద 100 ఎకరాలలో కొత్త హైకోర్టుకు 2024 మార్చి 27న శంకుస్థాపన చేశారు. కోర్టు తరలిపోయాక ఆ పాత మేడను ఎవరు కనిపెట్టుకుని ఉండాలి? మనుషులు తిరిగే ఇంటికి ఏటా సున్నం పడుతుంది. తాళం వేసిన ఇంటిలో చెదలు, గబ్బిలాలు చేరతాయి. భవనాన్ని కాపాడడమంటే అందులో పని జరిగేటట్టు చూడడమే.

మన విశాఖలోనే నిదర్శనాలున్నాయి. మహారాణిపేటలోని బ్రిటిషు కాలపు కలెక్టరాఫీసు కట్టడంలో ఎన్ని తరాలు అర్జీలు ఇచ్చుకోలేదు? 1923లో ప్రారంభమైన కింగ్ జార్జి ఆసుపత్రి పలు జిల్లాల రోగులకు ఈనాటికీ దిక్కు. పాతదైనంత మాత్రాన పనికిరానిది కాదు.

సముద్రపు గాలి సంగతి మనకు తెలియనిది కాదు. ఉప్పు తేమకు కాంక్రీటు లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, పెచ్చులు ఊడిపడతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకు కొత్త మేడల అద్దాలు ఎలా రాలాయో నగరం చూసింది. కనుక కొత్తది కట్టినంత మాత్రాన బెంగ తీరదు. పాత గోడ సున్నంతో కట్టినది. తేమను పీల్చి మళ్ళీ బయటికి వదులుతుంది. దానిపై సిమెంటు పూత పూస్తే తేమ లోపలే నిలిచి గోడ గుల్లబారుతుంది. బాగుచేసేవారు ముందు సున్నం పని తెలిసిన మేస్త్రీని పిలవాలి. మిద్దెమీద నీరు పోయే తూములు శుభ్రం చేయాలి. గోడల్లో మొలిచిన రావి మొక్కలను వేళ్ళతో సహా తీయించాలి. పాత కరెంటు తీగలను మార్చాలి. రికార్డు గదిలో మన తాతల నాటి దస్తావేజులు ఉంటాయి. నిప్పు అంటుకుంటే అవి మళ్ళీ పుట్టవు.

ఇక ఆధునికీకరణ అంటే జడ్జీగారి గదికి చల్లని యంత్రం ఒక్కటే కాదు. 2023 సెప్టెంబరులో కేంద్రం ఈ-కోర్టుల మూడవ దశకు 7,210 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఆ డబ్బుతో పాత కాగితాలను కంప్యూటరు కెక్కించాలి. వాయిదా ఎప్పుడో తెలుగులో బోర్డు మీద కనబడాలి. పాడేరు సాక్షి ఘాటు దిగకుండా దగ్గరి కోర్టు నుంచే తెర మీద సాక్ష్యం చెప్పే వీలు కల్పించాలి. ప్రతి కోర్టులో ఆడవారికి, మగవారికి, వికలాంగులకు, ట్రాన్స్‌జెండర్లకు మరుగుదొడ్లు ఉండాలని సుప్రీంకోర్టు 2025 జనవరి 15న ఆదేశించింది. మెట్ల పక్కన వాలుదారి, కక్షిదారులకు నీడ, బెంచీలు, తాగునీరు కూడా అంతే ముఖ్యం. పొద్దుటి నుంచి చెట్టు కింద చంటిబిడ్డతో నిలబడిన తల్లికి కావలసినది ఇదే.

పాత భవనం చాలదనే మాటలో నిజం లేకపోలేదు. కేసులు పెరిగాయి. అటువంటప్పుడు అదే ఆవరణలో వెనుక కొత్త భవనం వేసి, పాత దానిలో కొన్ని కోర్టులైనా ఉంచవచ్చు. దూలాలు నిజంగానే పుచ్చిపోయి ప్రాణభయం ఉంటే, బాగయ్యేవరకు మనుషులను అందులో కూర్చోబెట్టరాదు. ఆ సంగతి పరీక్షించి తేల్చాలి గాని ఊహించి తేల్చరాదు.

కోర్టును ఊరి బయటికి తరలిస్తే బస్సు దిగాక ఆటోకు మరో ఖర్చు. వాయిదా వాయిదాకూ అది కక్షిదారు నెత్తినే పడుతుంది. కాబట్టి ఏ పాత కోర్టునైనా విడిచిపెట్టే ముందు రోడ్లు భవనాల శాఖ వారు పరీక్ష చేయించి, మరమ్మతుకు ఎంత, కొత్తదానికి ఎంత అని లెక్క బయట పెట్టాలి. న్యాయవాదుల సంఘాలతోపాటు కక్షిదారుల మాట కూడా వినాలి. గ్రామ పంచాయతీలు ఈ మేరకు తీర్మానాలు చేసి పంపడం ఎంతైనా అవసరం.