పాత పంపు తుపాకికి వారసుడెవరు?

తాత వదిలి వెళ్లిన తుపాకిని ఇంటి ఆస్తిగా భావించడం సహజం. అయితే ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు మనిషికే గాని కుటుంబానికి కాదు. లైసెన్సుదారు మరణిస్తే ఆ తుపాకిని జాప్యం లేకుండా పోలీసు స్టేషనులోనో, లైసెన్సు ఉన్న డీలరు వద్దనో అప్పగించాలి. గడువులోగా వారసులు లైసెన్సు పొందకపోయినా, అమ్ముకోకపోయినా జిల్లా మేజిస్ట్రేటు దానిని ప్రభుత్వపరం చేయవచ్చు.

పాత విదేశీ తుపాకుల విషయంలో ఈ చిక్కు మరీ బాధాకరం. వ్యక్తులు తుపాకులు దిగుమతి చేసుకోవడం 1980ల నుంచి దాదాపు నిలిచిపోయింది. కనుక పోయినవి మళ్లీ రావు. అమెరికాలో వించెస్టర్ కంపెనీ 1912లో తెచ్చిన పంపు తుపాకి ‘మోడల్ 12’నే చూడండి. 1964లో మామూలు ఉత్పత్తి ఆగేనాటికి దాదాపు 20 లక్షలు తయారయ్యాయి. గొట్టం కింది చెక్కపిడిని వెనక్కి లాగితే ఖాళీ తూటా బయట పడుతుంది. ముందుకు తోస్తే కొత్తది లోపలికి చేరుతుంది. గాలిలోకి ఎగిరే మట్టి బిళ్లలను కొట్టే ట్రాప్ పోటీల కోసం పొడవైన గొట్టంతో వేరే రకం చేశారు. బిళ్లకు ఒకే తూటా పేల్చే అమెరికన్ ట్రాప్‌కు అది చక్కగా సరిపోయింది. ఒలింపిక్ ట్రాప్‌లో రెండో తూటాకూ అవకాశం ఉంది గాని, పిడి లాగే వ్యవధి ఎక్కడిది? అందుకే అక్కడ ఒకదానిపై ఒకటిగా రెండు గొట్టాలున్న తుపాకులదే రాజ్యం. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హైదరాబాదుకు చెందిన కినాన్ చెనాయ్ ట్రాప్ జట్టు స్వర్ణం, వ్యక్తిగత కాంస్యం సాధించారు.

2019 సవరణ ఒక్కొక్కరి పరిమితిని మూడు తుపాకుల నుంచి రెండుకు తగ్గించింది. ముసాయిదాలో ఒకటే ఉండగా అభ్యంతరాలు రావడంతో రెండయింది. వారసత్వంగా వచ్చినవీ ఈ లెక్కలోనివే. పేరున్న క్రీడాకారులకు 2020 ఫిబ్రవరిలో మినహాయింపులు దక్కాయి. సరదాకు పేల్చేవారికి కాదు. ఆయుధాల సంఖ్యకు కళ్లెం వేయడాన్ని తప్పుపట్టలేం. కాని అప్పగించిన తుపాకికి నూనె రాసే దిక్కు ఎవరు?

ఎన్నికలప్పుడూ ఇదే తంతు. 2024లో ఎన్నికల నియమావళి మార్చి 16 నుంచి జూన్ 6 వరకు అమలులో ఉంది. అంటే 80 రోజులకు పైమాటే. ప్రతి లైసెన్సునూ విడిగా పరిశీలించి, అవసరమైన వారి ఆయుధాలే తీసుకోవాలన్నది ఎన్నికల సంఘం సూచన. అందరివీ గంపగుత్తగా జమ చేయించుకోవడం సిబ్బందికి సులువు కావచ్చు, తుపాకికి మాత్రం తుప్పే మిగులుతుంది.

2016 నిబంధనల్లో ఒక వెసులుబాటు ఉంది. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకి తీసుకుని 25 ఏళ్లయినా బతికుండగానే వారసుని పేరు సూచించవచ్చు. వారసునికి 21 ఏళ్లు నిండి ఉండాలి. చేతికొచ్చిన తుపాకిని పేల్చేముందు తూటా గది పొడవు కొలిపించడం అవసరం. 65 మిల్లీమీటర్ల గదిలో 70 మిల్లీమీటర్ల తూటా పేలిస్తే ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది.