పంట నిల్వ గదుల్లో కప్పు కర్రకు బెజ్జాలు

1937లో స్థాపితమైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడిన తరువాత బోధన్ ప్రాంత రైతుల్లో పలువురు వరి, పసుపు, సోయాచిక్కుడు పంటలపైనే ఆధారపడుతున్నారు. పాత కర్ర కప్పుల కింద బస్తాలు నిల్వచేసే చోట విస్తరణ సిబ్బంది తేమను, పురుగును చూస్తారు గాని తలెత్తి కప్పును చూడరు. తీగలకు, ఫ్యాను కొక్కేలకు, బస్తాలెత్తే కప్పీలకు ఆ కర్రలను తొలుస్తూనే ఉంటారు. ‘చిన్న బెజ్జమే కదా’ అన్న మాట సగమే నిజం.

10 సెం.మీ. ఎత్తున్న దూలానికి సరిగ్గా నడిమధ్యన 2 సెం.మీ. అడ్డబెజ్జం వేస్తే, వంపును తట్టుకొనే శక్తి లెక్కప్రకారం ఒక్క శాతమైనా తగ్గదు. అంతే మేర అడుగు అంచున చెక్కివేస్తే 36 శాతం పోతుంది. ట్రస్సు అడుగు పట్టె సంగతి వేరు. దానిపై ప్రధానంగా పడేది లాగుడు. బెజ్జం ఎక్కడున్నా కనీసం అయిదోవంతు కోత తప్పదు. అతుకు బోల్టుల పక్కన తొలిస్తే కర్ర నారవెంట చీలే ప్రమాదమూ ఉంది. లప్పంతో పూడ్చడం కంటికి నునుపే గాని బలం తిరిగి రాదు. (సన్నని రంధ్రాల కింద పిండి రాలుతుంటే అది డ్రిల్లు పని కాదు, పురుగు పని.)

క్షేత్ర సందర్శనకు వెళ్లే విద్యార్థులు తేమమాపకంతో పాటు కొలటేపు, దారపుండ కూడా తీసుకొనిపోవాలి. అడుగు పట్టె వెంబడి దారం బిగించి పడితే జారుడు తెలిసిపోతుంది. అతుకు దగ్గర బెజ్జం గాని, కొత్త చీలిక గాని కనిపిస్తే ముందు కప్పీ బరువు దింపించి, ఇంజనీరు చూసిన తరువాతే బస్తాలు పేర్పించాలి.