వాగు నీటిని పరీక్షించేదెవరు?

పట్టుబడి అయిపోయిన రొయ్యల గుంట నీళ్లు ఎక్కడికి పోతున్నాయి? ముత్తుకూరు, తోటపల్లి గూడూరు, ఇందుకూరుపేట, విడవలూరు మండలాల్లో ఈ ప్రశ్నకు బడికి పోయే పిల్లవాడైనా జవాబు చెబుతాడు. తూము ఎత్తగానే పక్కనున్న మురుగుకాలవలోకి, అక్కడినుంచి వాగులోకి, వాగునుంచి ఉప్పుటేటిలోకి పోతున్నాయి. ఆ వాగును నమ్ముకుని దిగువన ఎవరెవరు ఉన్నారనేది మాత్రం తూము ఎత్తేవారికి పట్టడం లేదు. నారుమడికి నీరు పెట్టుకునే రైతు ఉన్నాడు. గొడ్లను తోలుకువచ్చే కాపరి ఉన్నాడు. మోకాటిలోతు నీళ్లలో చేపలు, పీతలు పట్టుకుని పొట్ట పోసుకునే యానాది కుటుంబాలు ఉన్నాయి. ఆ నీటిలో ఏముందో వీరికి చెప్పే నాథుడు లేడు.

పారే నీటికి దోషం లేదని పెద్దలు అనేవారు. వారి కాలానికి ఆ మాట సరిపోయింది. ఏరు పారుతుంటే గాలిలోని ప్రాణవాయువు నీటిలో కలుస్తుంది. దాని సాయంతో సూక్ష్మజీవులు కుళ్లును అరిగించేస్తాయి. ఈనాడు వాగులో పడుతున్న కుళ్లు వాగు అరిగించుకోగలిగిన దానికంటే ఎక్కువైపోయింది. రొయ్యలకు వేసే మేతలోని నత్రజనిలో సుమారు మూడోవంతుకు మించి రొయ్య ఒంటికి పట్టదు. మిగతాది నీటిలోనూ, గుంట అడుగున బురదలోనూ మిగిలిపోతుంది. ఆ బురదనీరంతా ఒక్కపెట్టున వాగులో పడినప్పుడు, దాన్ని కుళ్లబెట్టడానికే నీటిలోని ప్రాణవాయువు ఖర్చయిపోతుంది. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరవడం చూసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. రాత్రంతా పాచి కూడా ఆ వాయువునే పీల్చుకుంటుంది గనుక పొద్దు పొడిచేవేళకు అది అతి తక్కువగా ఉంటుంది. చేపలు బతకాలంటే లీటరు నీటిలో కనీసం 4 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క కట్టింది. మిట్టమధ్యాహ్నం జీపు దిగి సీసా ముంచుకుపోయే అధికారికి ఆ లోటు కనిపించదు.

నీళ్లు తేటగా కనిపిస్తే మంచివే అనుకోవడం మరొక పొరపాటు. కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకుండా ఉంటే మంచి తాగునీరు. వేరే దిక్కు లేనప్పుడు 2000 వరకు ఒప్పుకోవచ్చునని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. ఉప్పదనం నాలుకకు తెలుస్తుంది సరే, నైట్రేటు నాలుకకు తెలియదు. అది లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే చంటిబిడ్డల రక్తం ప్రాణవాయువును మోయలేక ఒళ్లు నీలంగా మారే ప్రమాదం ఉంది. ఆ నీటిని కాచినా లాభం లేదు. నీరు ఆవిరై తగ్గుతుందే తప్ప నైట్రేటు పోదు. ఇక మలం ద్వారా వచ్చే క్రిములు నూరు మిల్లీలీటర్ల నీటిలో ఒక్కటి కూడా ఉండరాదు. ఇవేవీ కంటితో చూసి తేల్చగలిగేవి కావు.

సముద్రపు ఒడ్డు ఊళ్లకు ఇంకొక చిక్కు ఉంది. ఇసుక పర్రలో దొరువు తవ్వి, కావడి కట్టి మొక్కలకు నీరు పోసుకోవడం ఈ తీరంలో తరతరాలుగా వస్తున్న సేద్యం. ఉప్పు సముద్రం పక్కనే తియ్యటి నీళ్లు ఎలా దొరుకుతున్నాయి? వాన నీరు ఇసుకలో ఇంకి, బరువైన ఉప్పునీటి మీద మీగడలాగా తేలి ఉంటుంది. సముద్ర మట్టానికి పైన మంచినీరు ఒక అడుగు ఉంటే, కింద సుమారు 40 అడుగుల దాకా మంచినీరే ఉంటుందని భూగర్భజల శాస్త్రం చెబుతోంది. ఈ లెక్కను తిరగేసి చూస్తే గుండె గుభేలుమంటుంది. బోరు వేసి తోడి ఆ మట్టాన్ని ఒక్క అడుగు దించితే కింద ఉప్పునీరు కాలక్రమాన 40 అడుగులు పైకి వస్తుంది! పైన గుంటలనుంచి ఊరే ఉప్పు, కిందినుంచి ఎక్కే ఉప్పు, రెండూ కలిస్తే దొరువు ఏమి కావాలి?

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. గాంధేయవాది ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో, తీరప్రాంతపు రొయ్యల సాగువల్ల పల్లెల్లో మంచినీటి బావులు ఉప్పుబారిన వైనం వివరంగా నమోదయింది. నెల్లూరు జిల్లా మత్స్యకారుల తాగునీటి కష్టం కూడా అందులో చోటుచేసుకుంది. పులికాట్ సరస్సుకు వెయ్యి మీటర్ల లోపు గుంటలు ఉండరాదని ఆ తీర్పు చెప్పింది. నష్టపరచినవారే పరిహారం చెల్లించాలన్నది. తర్వాత 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వా సాగుకు ప్రత్యేక శాసనం చేసి, ఆ తీర్పు కట్టడిని చాలావరకు సడలించింది.

ఆ శాసనం కింద వచ్చిన మార్గదర్శకాల్లో మంచి మాటలే ఉన్నాయి. తాగునీటి వనరుకు నూరు మీటర్ల దూరం పాటించాలన్నారు. వదిలే నీటిని శుద్ధి చేయాలన్నారు. అయితే శుద్ధి చెరువు తప్పనిసరి అన్నది 5 హెక్టార్లు, అంతకు మించిన సాగుకే. అర ఎకరం, ఎకరం గుంటలు వరసగా వందలాది ఉన్నచోట ఏ ఒక్కటీ ఆ లెక్కలోకి రాదు. అందరి నీళ్లూ పడేది మాత్రం ఒకే వాగులో! చిన్న రైతును వదిలేయడం దయే కావచ్చు. కాని వాగుకు చిన్న రైతు నీళ్లు, పెద్ద కంపెనీ నీళ్లు అనే తేడా తెలియదు. పదిమంది చిన్న రైతులు కలిసి ఉమ్మడి శుద్ధి చెరువు తవ్వుకునే ఏర్పాటుకు ప్రభుత్వం భూమి, సాయం చూపించి ఉండవలసింది.

తప్పంతా రొయ్య మీదికే నెట్టడం న్యాయం కాదు. నెల్లూరు పట్టణపు మురుగు సర్వేపల్లి కాలవలో, జాఫర్ సాహెబ్ కాలవలో కలుస్తున్న సంగతి ఊరందరికీ తెలుసు. ఆ కాలవలు దిగువ ఆయకట్టుకు సాగునీరు. కయ్యల్లో అవసరానికి మించి చల్లిన యూరియా కూడా కొట్టుకుపోయి వాగులోనే తేలుతుంది. అసలు దోషి ఎవరో తేల్చాలన్నా ముందు నీటిని పరీక్షించక తప్పదు. పరీక్ష లేనన్నాళ్లూ రొయ్యల రైతు పట్టణాన్ని, పట్టణం రొయ్యల రైతును వేలెత్తి చూపుతూ కాలక్షేపం చేయవచ్చు.

రొయ్యల రైతుకు కూడా ఇందులో స్వార్థం ఉంది. కండలేరు ఉప్పుటేటి గట్లమీద ఒకరు వదిలిన నీళ్లనే మరొకరు మోటారు పెట్టి తోడుకుంటారు. 1994లో వైరస్ తెగులు ఈ తీరాన్ని ఊడ్చుకుపోయినప్పుడు, ఒక గుంట జబ్బు పక్క గుంటకు పాకడానికి ఈ పంచుకున్న నీళ్లే దారి చూపాయి. అప్పుల్లో మునిగిన కుటుంబాలకు ఆ ఏడాది ఇంకా గుర్తుండే ఉంటుంది.

మరి చేయవలసిందేమిటి? 2019లో మొదలైన జల్‌జీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు మహిళలకు నీటి పరీక్ష నేర్పాలని, వారికి పరీక్ష పెట్టెలు ఇవ్వాలని నిర్ణయించారు. ఉప్పదనం, నైట్రేటు, పులుపు, క్షారం వంటివి ఆ పెట్టెతో ఊళ్లోనే చూడవచ్చు. క్రిముల సీసాలో నీరు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే, నల్లబడినదంటే ఆ నీరు తాగరానిది. పెద్ద చదువు అక్కరలేని పని. అయితే ఆ పెట్టె కుళాయికి, బోరుకు పరిమితమైపోతే వాగు సంగతి తేలదు. పంచాయతీలు దాన్ని వాగు దాకా తీసుకుపోవాలి. గుంటలకు ఎగువన ఒక సీసా, మురుగు కలిసేచోట ఒక సీసా, దిగువ రేవులో ఒక సీసా పట్టాలి. నారుమళ్లు పోసేముందు ఒకసారి, పట్టుబడుల రోజుల్లో తెల్లవారుజామున మరొకసారి పట్టాలి. ప్రాణవాయువు కొలిచే పని కాలుష్య నియంత్రణ మండలి సిబ్బంది, మత్స్యశాఖ సిబ్బంది ఆ వేళకే వచ్చి చేయాలి. వచ్చిన అంకెలను ఫైల్లో కట్టిపెట్టకుండా పంచాయతీ కార్యాలయం గోడమీద, ఎవరైనా చదువుకునేటంత పెద్ద అక్షరాలతో రాయాలి. ఎవరైనా తూము ఎత్తదలిస్తే రెండు రోజుల ముందు దిగువ ఊళ్లో, యానాది కాలనీలో దండోరా వేయించాలి. ఆ రెండు రోజుల్లో గొడ్లను వేరే రేవుకు మళ్లించుకోవచ్చు, నారుమడి గండి కట్టుకోవచ్చు.